మూడు హారన్లు

పోయిన వారం శివను టిప్పర్ క్యాబిన్‌లో, చెమట పట్టిన చేతుల్తో స్టీరింగు పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులు మనిషిని అలా కూర్చోబెట్టడం పాపమే, కానీ వారపత్రిక లెక్క అది. ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం వెనక జరిగింది రెండు మాటల్లో చెప్తాను. నా రెండు మాటలు కాస్త పొడుగుంటాయని పాతవాళ్ళకు తెలుసు.

గోదావరిఖని పక్కన ఓపెన్‌కాస్టు గని. బొగ్గు మీద కప్పుకుని ఉన్న మట్టిని తవ్వి, దూరంగా గుట్టలు గుట్టలుగా పోసే పని ఒక ప్రైవేటు కంపెనీ చేస్తోంది. ఆ కంపెనీ షెడ్లున్న చోటును క్యాంపు అంటారు, మట్టి పోసే గుట్టను డంపు అంటారు. ఆ క్యాంపులో శివ కొత్త డ్రైవరు. లైసెన్సు ఉంది, చేతికి టిప్పరు కూడా వచ్చింది, కానీ ఇంకా ట్రైనింగు దాటలేదు. నేర్పేది మార్కు. ఏళ్ళకేళ్ళు గనిలో డంపరు నడిపి రిటైరై, ఇంట్లో కూర్చోలేక కొత్తవాళ్ళకు పని నేర్పడానికి వచ్చిన పెద్దమనిషి. మార్కు సరే అంటేనే కొత్త డ్రైవరు ఒంటరిగా బండెక్కుతాడు. శివకు ఆ సరే ఈమధ్యే దొరికింది గానీ, ఇంకొన్నాళ్ళు ఆయన కళ్ళ ముందే నడపాలి.

వానలు పడ్డ కొత్తలో డంపు మీద మొగిలి చనిపోయాడు. వచ్చే బళ్ళకు జెండా ఊపి, మట్టి ఎక్కడ పోయాలో చూపించే మనిషి. వెనక్కి వస్తున్న టిప్పరు కింద పడ్డాడు. ఆ టిప్పరు నడిపింది జైపాల్. శివకు స్వయానా బావ, అక్క దీప మొగుడు.

గనిలో బండికి హారనే నోరు. ఇంజిన్ స్టార్టు చేసే ముందు ఒకటి కొట్టాలి, ముందుకు కదిలే ముందు రెండు, వెనక్కి వచ్చే ముందు మూడు. గేరు వెనక్కి వేస్తే దానంతట అదే మోగే హారన్ ఒకటి ఉండాలి గానీ, ఆ క్యాంపులో సగం బళ్ళకు అది బురద తిని చచ్చిపోయింది. మూడు కొట్టాకే వెనక్కి వచ్చానని జైపాల్ చెప్పాడు. అక్కడే నిలబడి ఉన్న మార్కు, హారన్ వినపడలేదని చెప్పాడు. మార్కు చర్చి పెద్ద. తన తప్పుంటే తానే ముందు ఒప్పుకునే మనిషి. ఆయన మాట ముందు జైపాల్ మాట తేలిపోయింది. పోలీసు కేసు అయింది, బండి దించేశారు, ఎంక్వైరీ ఆఖరి రోజు రేపే.

మార్కు దగ్గర నేర్చుకున్నవాళ్ళకు ఒక అదనపు అలవాటు ఉంటుంది. హారన్ కొట్టిన ప్రతిసారీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎన్ని కొట్టారో అన్ని వేళ్ళు చూపించాలి. ఈ రోజు పొద్దున డంపు మీద శివ వెనక్కి రాబోతూ మూడుసార్లు హారన్ నొక్కాడు. వైరు ఊడిపోయి ఉంది, ఒక్కసారి కూడా మోగలేదు. అలవాటు కొద్దీ మూడు వేళ్ళు మాత్రం బయటికి పోయాయి. అద్దంలో మార్కు కనిపించాడు, సరే రమ్మని చెయ్యి ఊపుతూ.

అక్కడ ఆగాం. ఇక పదండి.

శివ ఆ ట్రిప్పు మట్టి ఎలా పోశాడో, గుట్ట ఎలా దిగాడో తనకే తెలియదు. కిందికి వచ్చాక ఎలక్ట్రీషియన్ సదయ్యను పిలిచి వైరు వేయించుకున్నాడు. సదయ్య బానెట్ కింద తల పెట్టి, "నట్టే లేదుర దీనికి. పొద్దుగాల సూసుకోకుంట ఎట్ల ఎక్కినవ్?" అన్నాడు. సూసుకోలేదు. బండెక్కే ముందు చుట్టూ తిరగాలి, టైర్ల మీద చెయ్యి వెయ్యాలి, కిందికి వంగి నూనె కారుతోందేమో చూడాలి, హారన్ కొట్టి చూడాలి. ఇవన్నీ మార్కు మొదటి రోజే చెప్పాడు. శివ టైర్లు చూశాడు, నూనె చూశాడు, హారన్ ఒక్కటే వదిలేశాడు. మనిషి తప్పిపోయేది ఎప్పుడూ ఆ వదిలేసిన ఒక్కదాని దగ్గరే.

షిఫ్టు అంతా శివ మట్టి మోశాడు గానీ మనసు మార్కు చుట్టే తిరిగింది. వెనక నుంచి పిలిస్తే ఆయన పలకడు. పలకకపోతే అందరూ ఏమనేవారు? మార్కు కాకకు జర పొగరు అనేవారు. ఆ పొగరు మాట నిజమని శివ కూడా నమ్మాడు, పైగా ముచ్చటపడ్డాడు. ఫోను మోగితే ఎప్పుడూ సుసన్నకే, అంటే ఆయన భార్యకే ఇచ్చి మాట్లాడించేవాడు. పేలుడుకు ముందు సైరన్ మోగితే, పక్కవాళ్ళు లేచాకనే తాను లేచేవాడు. క్రిస్మస్‌కు ఎయిటింక్లైన్ కాలనీ చర్చికి శివను భోజనానికి పిలిచారు. ముందు వరసలో కూర్చున్న మార్కు పాస్టరు నోటి వంకే కళ్ళార్పకుండా చూస్తుంటే, ఎంత భక్తో అనుకున్నాడు శివ. లేచి నిలబడాల్సినప్పుడల్లా సుసన్న ఆయన మోచేతిని తాకింది. అది ప్రేమనుకున్నాడు. ప్రేమే, కాదని నేననను.

ఒక్కొక్కటి గుర్తొస్తున్న కొద్దీ శివకు గుండె బరువెక్కింది. కోపం వస్తే బాగుండేది. కోపం వస్తే మనిషికి ఒక దారి దొరుకుతుంది. మార్కు మీద అతనికి కోపం రాలేదు.

ఎందుకంటే శివకు బండి అంటే ఏమిటో చెప్పింది ఆయనే. లోడుతో గుట్ట దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే డ్రైవర్లు ఆ క్యాంపులో చాలామంది. మార్కు శివను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏ గేరుల ఎక్కినవో గా గేరులనే దిగాలె బిడ్డా. డీజిలు కంపెనిది, పానం నీది," అనేవాడు. డంపు అంచున టైరంత ఎత్తు మట్టితో ఒక గట్టు కడతారు. ఆ గట్టు తగిలేదాకా వెనక్కి వెళ్ళి, తగిలాక ఆపడం కొత్తవాళ్ళ చాతుర్యం. "గట్టు బ్రేకు గాదు. గట్టు తగిలిందంటే నీకు బ్రేకు ఎయ్య రానట్టే. వానకు నానిన గట్టు నిన్ను ఆపదు, నీతోని అదిగూడ కిందికొస్తది," అనేవాడు. మధ్యాహ్నం నీడకని టిప్పరు కింద పడుకున్న డ్రైవరును ఒకసారి కాళ్ళు పట్టి బయటికి ఈడ్చాడు. ఆ డ్రైవరు బూతులు తిట్టాడు. మార్కు నవ్వాడు. వినపడక నవ్వాడని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో పక్క అక్క. నిన్న సాయంత్రం దీప వాకిట్లోనే ఆపేసింది తమ్ముణ్ణి. "నా పెనిమిటిని ముంచినోని కాడనే డ్రైవరీ నేర్సుకుంటున్నవా తమ్మీ? మనిషిని సంపినోని పెండ్లమని నల్లా కాడ అందరు నా దిక్కే సూస్తుండ్రు. బిందె వట్టుకొని నేనెట్ల నిలవడాలె?" అంది. ఇంటి వెనక్కి వెళ్తే, బట్టలుతికే బండ మీద జైపాల్ కూర్చుని ఉన్నాడు. అన్నం ముట్టడం లేదు. శివను చూసి గొంతు తగ్గించి, "కొట్టిననే అనిపిస్తది శివ," అన్నాడు. "మూడు కొట్టిన. కని మార్కు కాక ఇనవడలేదన్నడు. మార్కు కాక అబద్ధమాడడు గద. మరి నేనే కొట్టలేదేమో." కేసు, జైలు, లైసెన్సు అన్నీ ఒక ఎత్తు, బావ తన చేతిని తానే నమ్మలేకపోవడం ఒక ఎత్తు. ఆ మాట విన్నాక రాత్రంతా శివకు సరిగా నిద్ర లేదు.

షిఫ్టు దిగి బళ్ళన్నీ క్యాంపుకు చేరాయి. ఆకాశం ముసురు పట్టి ఉంది. యార్డులో టైరు చాళ్ళలో నీళ్ళు నిలిచి, ఎర్ర మట్టీ బొగ్గు పొడీ కలిసిన బురదయింది. డ్రైవర్లు హెల్మెట్లు తీసి క్యాంటీను వైపు పోయారు. సదయ్య ఒక్కడు ఇంకో బండి లైటు విప్పుతూ ఉండిపోయాడు. మార్కు రోజూలాగే ఆపి ఉన్న బళ్ళ వెంట నడుస్తూ, టైర్ల కింద చెక్కలు పెట్టారా లేదా అని వంగి చూస్తున్నాడు.

శివ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. వెనక నుంచి పిలవలేదు. ఆ చిన్న సంగతి తనకే గుచ్చుకుంది.

"కాక, పొద్దుగాల డంపు మీద నేను రివర్సు వచ్చినప్పుడు ఎన్ని హారన్లు కొట్టిన?"

మార్కు అతని పెదవుల వంక చూసి నవ్వాడు. "మూడు. ఎందుకు, నీకే యాదికి లేదా?"

"ఇన్నవా?"

"ఇన్న. ఇనకుంటె రమ్మంటనా?"

"మోగలే కాక. వైరు ఊడిపోయింది. ఒక్కటి గూడ మోగలే."

మార్కు నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది. "ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా. మూడు కొట్టినవ్. నేను ఇన్న. నా చెవులతోని ఇన్న."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే శివను భయపెట్టింది. మూడు వేళ్ళు కనపడగానే ఆ తలలో మూడు హారన్లు నిజంగానే మోగాయి. ఎన్నాళ్ళ నుంచో అలాగే మోగుతున్నాయి.

"సదన్నను అడుగు. వైరు ఆయనే ఏసిండు."

సదయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి సంగతి ఏదో ముదిరిందని గ్రహించాడు. "అవునన్నా, నట్టు గూడ లేకుండె. నేనే కొత్తది బిగిచ్చిన," అన్నాడు.

మార్కు సదయ్యను చూశాడు, శివను చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "సూడు శివ, జర మందం నాకు, ఒప్పుకుంట. వయసైంది. ఇంజిను పక్కన బతికినోళ్ళం, గింతన్న మందం ఉండదా? మెల్లగ మాట్లాడితే సగం అందది. సుసన్న గూడ అంటది, దవాఖానల సూపిచ్చుకోమని. కని హారన్ ఇనవడకపోవుడేంది? లారి హారన్ సచ్చినోనికి గూడ ఇనవడ్తది."

"మరి బావ హారన్ ఎందుకు ఇనవడలే కాక?"

"కొట్టలేదు గనుక."

"వేళ్ళు సూపియ్యలేదు గనుక."

జైపాల్ ట్రైనింగు దాటి ఏళ్ళయింది. వేళ్ళు చూపించే అలవాటు ఎప్పుడో పోయింది. ఆ రోజు ముసురు, కిటికీ అద్దం మూసి ఉంది. మూసిన అద్దంలోంచి వేళ్ళు రావు. హారన్ మాత్రం ఎంత ముసురులోనైనా వస్తుంది.

మార్కు ముఖం ఎర్రబడింది. కోపం వస్తే ఆయన గొంతు పెద్దది చేసే మనిషి కాదు, ఇంకా తగ్గిస్తాడు. "నీ బావను కాపాడుకోవాలె, గంతే గద. అడుగు, నేను తప్పంటలేను. కని నన్ను చెవిటోన్ని జేసి కాపాడుకోకు. పా, బండెక్కు."

"ఏంది కాక?"

"బండెక్కమంటున్న. నేను గా గోడ కాడ అటు తిరిగి నిలవడ్త. నీ ఇష్టమున్నన్ని కొట్టు. వేళ్ళు వద్దు, ఏం వద్దు. ఎన్ని కొట్టినవో నేను చెప్త. తప్పు చెప్తే రేపు ఎంక్వైరిల నువ్వు ఏం చెప్పమంటె గది చెప్త." సదయ్య వైపు తిరిగి, "నువ్వే సాక్షివి," అన్నాడు.

ఎవరూ అడగలేదు ఈ పరీక్ష. ఆయనే పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడు పరీక్ష పెట్టుకోడు. తనలో తప్పు లేదని గట్టిగా నమ్మినవాడే పెట్టుకుంటాడు. ఆ నమ్మకం చూస్తే నాకు జాలి వేస్తుంది, రాస్తున్నది నేనే అయినా.

మార్కు బురదలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ షెడ్డు గోడ దాకా వెళ్ళాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి వెనక నుంచి చూస్తే కొంచెం వంగి ఉన్నాడు. ముందు నిలబడి మాట్లాడేటప్పుడు అది ఎప్పుడూ కనిపించదు.

శివ క్యాబిన్ ఎక్కాడు. తాళం తిప్పాడు, ఇంజిన్ స్టార్టు చెయ్యలేదు. హారన్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. వినపడాలి అనుకున్నాడు. నిజం చెప్తున్నాను, ఆ క్షణం అతను కోరుకున్నది అదే. బావను కాపాడే దారి ఇదొక్కటేనని తెలుసు, అయినా ఆ వంగిన వీపు చూస్తూ ఈ మనిషికి వినపడాలి దేవుడా అనుకున్నాడు.

కొట్టాడు. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఆగి, మూడోది గట్టిగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

నీళ్ళ ట్యాంకరు కింద పడుకున్న కుక్కలు లేచి దూరం పోయాయి. క్యాంటీను గుమ్మంలోకి ఎవరో వచ్చి తొంగి చూశారు. సదయ్య ఉలిక్కిపడి ఒక చెవి మూసుకున్నాడు. తర్వాత చెయ్యి దించి, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మార్కు కదలలేదు. వెనక కట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. బొటనవేలు ఒకటి మాత్రం లెక్కపెట్టడానికి సిద్ధంగా వేళ్ళ మీద ఆనుకుని ఉంది. శివ చూస్తూ కూర్చున్నాడు. ముసురు జల్లు మళ్ళీ మొదలైంది. మార్కు భుజాల మీద చొక్కా తడుస్తోంది.

చాలాసేపటికి ఆయన గోడ వైపే చూస్తూ, కాస్త విసుగ్గా, ఎప్పుడూ శివను మందలించే గొంతుతోనే అన్నాడు.

"కొడ్తవా, కొట్టవా బిడ్డా? ఎంతసేపు నిలవెడ్తవ్ నన్ను?"

శివ మళ్ళీ హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. బండి దిగాడు. దిగేటప్పుడు ముఖం బండి వైపు ఉండాలని, మూడు చోట్ల పట్టు ఉండాలని ఆయన నేర్పినట్టే దిగాడు. నడిచి వెళ్ళి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. చెప్పాల్సిన పని లేదు. ముఖాలు చదివే బతికిన మనిషి ఆయన. శివ ముఖం చూశాడు. తల తిప్పి దూరంగా సదయ్యను చూశాడు. క్యాంటీను గుమ్మంలో నిలబడ్డవాళ్ళను చూశాడు.

"కొట్టినవా?" అన్నాడు.

శివ తలూపాడు.

మార్కు గోడ పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. టైరు గుంటలో వాన నీళ్ళున్నాయి, ప్యాంటు తడిసింది, పట్టించుకోలేదు. కుడిచెయ్యి తెరిచి అరచేతిని చూసుకున్నాడు. కాసేపటికి మాట్లాడితే, అది శివతో కాదు, ఆ చేత్తో మాట్లాడుతున్నట్టుంది.

"గా పొద్దు డంపు మీద నాలుగు బండ్లున్నయ్. మొగిలి ఇవతలికి రావాలె, బండి ఎనకనుంచి దాటాలె. గన్ని హారన్లల్ల ఏది ఎవనిదో ఎర్కైతలేదేమో, ఆగి నా దిక్కు సూసిండు. రమ్మంటవా అన్నట్టు సూసిండు. నాకు హారన్ ఇనవడలే. బండి కదలదనుకున్న. రా, దాటి రా అని చెయ్యి ఊపిన."

శివకు ఇది కొత్త. చెయ్యి ఊపిన సంగతి మార్కు ఎంక్వైరీలో చెప్పాడో లేదో గానీ క్యాంపులో ఎవరికీ తెలియదు. తెలిసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. హారన్ లేనప్పుడు దాటమనడం తప్పెలా అవుతుంది?

"నేనే పిలిచిన మొగిలిని," అన్నాడు మార్కు. "జైపాల్ కొట్టిండు. మొగిలి ఇన్నడు గావచ్చు గూడ. ఇని గూడ, మార్కన్న రమ్మంటుండు గద అని వచ్చిండు. తన చెవుల కంటె నా చెయ్యినే నమ్మిండు."

"కాక, ఇగ ఊకో."

మార్కు అతని పెదవుల వంక చూడటం లేదు, కాబట్టి ఆ మాట ఆయనకు చేరలేదు. "మొగిలికి మట్టిచ్చేకాడ పూలమ్మ నా చేతులు వట్టుకొని ఏడ్సింది. అన్నా, నువ్వన్న ఉంటివి దగ్గర అని. గీ చెయ్యే వట్టుకుంది. నేను ఓదార్చిన గూడ."

పూలమ్మ మొగిలి భార్య. ఒకరి దుఃఖం ఇంత దగ్గర నుంచి శివ ఎప్పుడూ చూడలేదు. చనిపోయినవాళ్ళ ఇళ్ళలో చూసేది వేరు. అక్కడ ఏడవడానికి జాగా ఉంటుంది. ఇక్కడ ఆ మనిషికి ఏడవడానికి కూడా హక్కు లేకుండా పోయింది.

వంగి, ఆయన కళ్ళకు ఎదురుగా ముఖం పెట్టి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "రేపు ఏం చెప్తవ్ కాక?"

మార్కు యార్డులో వరసగా నిలబడ్డ బళ్ళ వైపు చూశాడు. "నా చెవులు పనిజేస్తలెవ్వని చెప్తె ఏమైతదో ఎర్కేనా? నన్ను తీసేస్తరు, తీసెయ్యని. కని నేను సరే అన్నోళ్ళందరిని బండి దించుతరు. చెవిటోడు పాస్ జేసిన డ్రైవర్లని పేరు వడ్తది. మల్ల ఎవడు ఎక్కిచ్చుకుంటడు? గాళ్ళల్ల నువ్వు గూడ ఉన్నవ్. జైపాల్ గూడ నేను పాస్ జేసినోడే."

శివ అది ఆలోచించలేదు. పొద్దున్నుంచి అన్నీ ఆలోచించాడు గానీ అది మాత్రం తట్టలేదు. బావ నిర్దోషి అవుతాడు, ఆ వెంటనే నేర్పినవాడే చెవిటివాడని బావను మళ్ళీ దించుతారు. తననూ దించుతారు. ఇంట్లో నాన్న ఆగయ్యకు దమ్ము, మందులు ఆగకూడదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు చూడండి, శివకు ఆ రెండింటి మధ్య నిలబడే జాగా కూడా లేదు.

"కని బావ తనే కొట్టలేదనుకుంటుండు కాక," అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక అదే చెప్పాడు. "నువ్వు అబద్ధమాడవని, తన చెయ్యినే అబద్ధం జేసుకున్నడు. అన్నం తింటలేడు."

మార్కు ఆ మాట పెదవుల మీద పూర్తిగా చదివాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ మనిషి కళ్ళు మూసుకుంటే లోకం మొత్తం ఆగిపోయినట్టే. తర్వాత తెరిచాడు.

"ఒక్క రాత్రి టైమియ్యి బిడ్డా. సుసన్నకు చెప్పుకోవాలె. రేపు పొద్దుగాల చెప్త," అన్నాడు.

శివ సరే అనబోయాడు. అంతలో గేటు దగ్గర జీపు ఆగింది. రేపు రావలసిన ఎంక్వైరీ సారు ఇవాళే దిగాడు. క్యాంపు మేనేజరు గొడుగు పట్టుకుని పక్కన పరుగులాంటి నడకతో వస్తున్నాడు. వానలు ఎక్కువయ్యేలోపు డంపు ఒకసారి చూసి, సాక్షులతో ఇవాళే మాట్లాడి ముగించాలని సారుకు తోచిందట. పెద్దవాళ్ళకు తోచడమే మన తలరాత.

మార్కు వాళ్ళకు వీపు పెట్టి టైరు మీద కూర్చుని ఉన్నాడు. శివ ఒక్కడే వాళ్ళను చూస్తున్నాడు.

"మార్కు గారూ," అని పిలిచాడు సారు, ఉన్నచోటు నుంచే. మంచి గొంతు, యార్డంతా వినపడింది.

మార్కు కదలలేదు.

శివ చెయ్యి దానంతట అదే లేచింది. భుజం మీద ఒక్క తాకు తాకితే చాలు. సుసన్న చర్చిలో చేసే పనే అది. ఆయన లేచి, తిరిగి, నమస్తే సార్ అంటాడు. అంతా మామూలైపోతుంది. ఒక్క రాత్రి గడుస్తుంది. ఆ రాత్రి తర్వాత ఏమవుతుందో ఎవరికి తెలుసు? రాత్రి గడిస్తే మనిషికి ధైర్యం పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా.

"మార్కు గారూ, మిమ్మల్నే."

మేనేజరు నవ్వుతూ సారుతో ఏదో అన్నాడు. పొగరు గురించే అయి ఉంటుంది. సదయ్య శివనే చూస్తున్నాడు. శివ చెయ్యి మార్కు భుజానికి జానెడు దూరంలో ఆగి ఉంది. బండ మీద కూర్చున్న బావ కనిపించాడు. నల్లా దగ్గర బిందెతో అక్క కనిపించింది. ఈ తడిసిన చొక్కా కూడా కనిపిస్తోంది. చెయ్యి అటూ పోలేదు, ఇటూ రాలేదు.

"ఏమయ్యా మార్కూ," అన్నాడు సారు మూడోసారి, ఈసారి గొంతులో విసుగుతో.

శివ చెయ్యి దించేశాడు.

దించిన ఆ చెయ్యిని మార్కు చూశాడు. తర్వాత శివ ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏం కనపడిందో, అన్నీ అర్థమైపోయాయి.

"నా ఎనక ఎవలో ఉన్నరు గద," అన్నాడు చిన్నగా.

శివ తలూపాడు.

"పిలుస్తుండ్రా?"

మళ్ళీ తలూపాడు.

"ఎన్నిసార్లు పిలిచిండ్రు?"

ఆయన నేర్పిన అలవాటు కొద్దీ శివ చెయ్యి లేచింది, మూడు వేళ్ళు తెరుచుకున్నాయి.

మార్కు ఆ మూడు వేళ్ళనూ తడి కళ్ళతో చూశాడు. ఒక్కసారి తల తిప్పితే చాలని ఆయనకు తెలుసు. తల తిప్పి నమస్తే అంటే ఈ రోజుకు గండం గడుస్తుంది. ఎన్నో ఏళ్ళుగా అలాగే గడిపాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడ వైపే చూస్తూ, అలాగే కూర్చున్నాడు.

బురదలో బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. అది శివకు వినిపిస్తోంది.